పొయ్యి రాజేయని యాత్ర

మొన్న మా మనవడు నరసరావుపేట నుంచి వచ్చి, ఫోను నా కళ్ళ ముందు పెట్టి, "నానమ్మా, శివరాత్రికి శ్రీశైలం నడిచిపోతన్నాం, దీవించు" అన్నాడు. సంతోషించాను. ఏ ఊళ్ళో ఆగాలో, ఎక్కడ పడుకోవాలో, కాళ్ళు బొబ్బలెక్కితే ఏ మందు రాసుకోవాలో అన్నీ పద్ధతిగా రాసుకున్నారు. చదివి వినిపిస్తుంటే చివర్లో ఒక మాట తగిలింది. నడిచేవాళ్ళ వెనకాల ఒక వ్యాను వస్తుందట. అందులో గ్యాసుపొయ్యిలు, బియ్యం, కూరగాయలు, వాటితోపాటు ఇళ్ళల్లో ఆడవాళ్ళు. "వాళ్ళు నడిచే పనే లేదు నానమ్మా, హాయిగా కూర్చుని వస్తారు" అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు. కూర్చుని వచ్చి, హాయిగా దిగి వండుతారు కాబోలు. దీవెన సంగతి తర్వాత చూద్దాం పొమ్మన్నాను. ఈ వయసులో అంత కోపం మంచిది కాదని మా కోడలు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగాను గానీ కోపం దిగలేదు. నా కోపం వాడి మీద ఒక్కడి మీదే అయితే దిగిపోయేదే. అది మా అత్తగారి నాటిది.

నేను గురజాల దగ్గర పల్లెకి కాపురానికి వచ్చింది యుద్ధం రోజుల్లో. కిరసనాయిలు కరువు, గుడ్డ కరువు. ఏది కరువైనా శివరాత్రికి కోటప్పకొండకి మా ఊరి ప్రభ పోవడం మాత్రం ఆగేది కాదు. బండి మీద తాటిచెట్టంత ఎత్తున వెదురు చట్రం నిలబెట్టి, రంగుగుడ్డలు చుట్టి, అద్దాలు కట్టి, జతలకొద్దీ ఎద్దుల్ని పూన్చి కొండ దాకా లాక్కుపోయేవారు. ముందు తప్పెట్లు, అటూ ఇటూ మోకులు పట్టుకుని మగవాళ్ళు. వెనక బళ్ళలో మేమూ, మా గుండిగలూ, కట్టెలూ, బియ్యం బస్తాలూ. ప్రభ ఆగిన చోటల్లా మేం పొయ్యి పెట్టాలి. శివరాత్రి ఉపవాసం కదా, వంటేమిటని అడుగుతారేమో. ఉపవాసం ఇంటి పెద్దలకి. ఎద్దులు తోలేవాళ్ళకి, తప్పెట్లు కొట్టేవాళ్ళకి, పక్క ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలకి ఉపవాసం లేదు. పెద్దలకైనా సాయంత్రానికి ఫలహారం, తెల్లారేసరికి పప్పూ అన్నం సిద్ధంగా ఉండాలి. చెప్పొద్దూ, ఉపవాసం ఉన్నవాళ్ళకే ఎక్కువ వండేవాళ్ళం. వండేవాళ్ళకి తినడానికి తీరిక ఉండేది కాదు కాబట్టి మా ఉపవాసం దానంతట అదే జరిగిపోయేది.

మగవాళ్ళు కొండెక్కి దర్శనం చేసుకుని, విబూది పెట్టుకుని దిగేవారు. మేం కింద సామాను కాపలా. జనం తగ్గాక రేపు పొద్దున మిమ్మల్ని పంపిస్తామనేవారు. పొద్దున్నే ఎద్దులు ఇంటికి మళ్ళాలి, చేలో మిరపకాయలు రాలిపోతున్నాయి, బళ్ళు కట్టండనేవారు. ఆ కొండ మీద కాకి వాలదని ప్రతీతి. కాకులకీ, మా ఇంటి ఆడవాళ్ళకీ తప్ప అందరికీ కోటయ్య కనపడ్డాడు. ఆ దేవుడేమో నిండు గర్భిణి గొల్లభామ కొండెక్కలేక అవస్థ పడుతుంటే, తనే దిగి ఆమె ఇంటికి బయల్దేరినవాడు. ఆ కథ మా మామగారు పొయ్యి పక్కనే కూర్చుని, ఫలహారం తింటూ, ఎంతో భక్తిగా చెప్పేవారు. చెప్పేటప్పుడు ఆయన కళ్ళు చెమర్చేవి. ఆ కథలో ఆడదాని కోసం దేవుడు దిగాడన్న సంగతి ఆయనకి ఎందుకు వినపడలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా అత్తగారు పొడగరి, మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. ఆవిడ నన్నేమీ సాధించలేదు, గారాబమూ చేయలేదు. నా రెండో శివరాత్రికి ముందు, పుష్యమాసంలో ఒకరోజు పప్పు విసురుతూ ఉన్నట్టుండి అంది: "పెళ్ళయిన కాణ్ణుంచి ప్రతేడూ తిరణాలకి పోతన్నా. ఇంతవరకూ కోటయ్య మొహం చూళ్ళా. ఈ ఏడు ప్రభతో పోనమ్మాయ్. శ్రీశైలం పోదాం. నడిచి." వినుకొండ మీదుగా త్రిపురాంతకం, అక్కణ్ణుంచి దోర్నాల, ఆ పైన అడవి. దారంతా ఎవరెవర్నో అడిగి కనుక్కుని పెట్టుకుంది. ఎదురింటి ముసలమ్మా, ఆవిడ కోడలూ కూడా వస్తామన్నారు. మా అత్తగారి మొక్కు ఒక్కటే, దారిలో ఎక్కడా పొయ్యి రాజేయకూడదు. అలాంటి మొక్కు నేనెక్కడా వినలేదు. ఆవిడా వినలేదట. ఎండబెట్టిన జొన్నరొట్టెలు, పేలాలపిండి, నువ్వులకారం, బెల్లం, ఎవరి మూట వాళ్ళ భుజాన. సాయంత్రం పూట మూటల్లో రాళ్ళు వేసుకుని చేను దాకా నడిచి వచ్చేవాళ్ళం, అలవాటు కావాలని. ఊళ్ళో వాళ్ళు వీళ్ళకేదో గాలి సోకిందనుకున్నారు. అంత సంబరం నా పెళ్ళిలో కూడా లేదు నాకు.

సంగతి మా మామగారి చెవిన పడింది. వెంటనే నల్లమల అడవిలోకి ఎక్కడెక్కడి పులులూ వచ్చేశాయి. దొంగలొచ్చారు, కలరా వచ్చింది. అంతకుముందు నేను జ్వరంతో వణుకుతూ పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు ఎవరికీ గుర్తురాని ఆరోగ్యం అప్పుడే గుర్తుకొచ్చింది. అత్తగారు అంతా విని, "పులి సంగతి పులి ఎదురుపడ్డప్పుడు చూసుకుంటాం. అసలు మాట చెప్పండి" అంది. మామగారు కాసేపు మీసం దువ్వుకుని, "మరి ప్రభకి వండేదెవరే?" అన్నారు. అదీ అసలు మాట.

ఆ తర్వాత పెద్దలు నలుగురూ మా అరుగు మీద కూర్చుని, ఉదారంగా ఒక నిర్ణయం చేశారు. ఈ ఏడు ఎప్పటిలాగే ప్రభతో రావాలి, వచ్చే ఏడు అందరం కలిసి శ్రీశైలం పోదాం, ఆడవాళ్ళు నడిచి అవస్థపడక్కర్లేదు, బళ్ళు కడతాం. ఏ బండిలో ఏ గుండిగ ఎక్కించాలో కూడా అక్కడికక్కడే తేల్చేశారు. మా ఆయన లోపలికొచ్చి, "నాన్న ఒప్పుకున్నాడు, ఇంకేంది" అని మురిసిపోయాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఆవిడ యాత్రని ఆవిడ చేతుల్లోంచి లాక్కుని, దానికి మళ్ళీ పొయ్యి తగిలించి, ఇదిగో వరమిచ్చామంటున్నారు. కొత్త కోడల్ని, నోరెత్తలేను. అత్తగారు మాత్రం చాటలో బియ్యం చెరుగుతూ, "శ్రీశైలం కూడా పొయ్యిపాలయిందమ్మాయ్" అంది. చాట కింద పెట్టి, "నేను చూడాల్సింది అసలు కోటయ్యనేగా. ఆ కొండకే పోదాం. ప్రభ కంటే ముందు" అంది.

ప్రభ కదలడానికి ముందు ఒక తెల్లవారుజామున, పాలు పితికి, పెరుగు తోడేసి, మేం నలుగురం మూటలు తగిలించుకుని వాకిట్లోకి వచ్చాం. మామగారు వేపపుల్ల నములుతున్నారు. అత్తగారు దొంగతనంగా పోలేదు. ఎదురుగా నిలబడి, "కోటయ్య దగ్గరికి నడిచిపోతన్నాం. మీరు ప్రభతో రండి. గుండిగలు అటక మీద ఉన్నయ్యి" అని చెప్పింది. ఆయన పుల్ల నోట్లోనే ఉండిపోయింది. "మరి వంట?" అన్నారు. "బియ్యం గాదెలో ఉన్నయ్యి" అని ఆవిడ గడప దిగింది. నేను మా ఆయన వైపు చూడకుండా వెనకాలే దిగాను. చూస్తే ఆగిపోతానేమోనని భయం.

దారిలో అందరిదీ ఒకటే ప్రశ్న, మీ మగాళ్ళేరీ అని. పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళు మాత్రం కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, ఎండ చల్లబడ్డాక పొమ్మన్నారు. నరసరావుపేటలో సత్రం ఆయన మగదిక్కు లేనివాళ్ళకి చోటులేదన్నాడు. ఖాళీ గది కనపడుతూనే ఉంది. మిషను బడి పంతులమ్మ తన వరండాలో చాపలు పరిచింది. యాత్ర ఎందుకని గానీ, ఏ దేవుడి దగ్గరికని గానీ అడగలేదు. కాళ్ళకి ఆముదం ఇచ్చింది.

శివరాత్రి పొద్దున జనం ఇంకా పలచగా ఉండగానే మెట్లు మొదలుపెట్టాం. అత్తగారు ఎక్కడా కూర్చోలేదు. దారిలో గొల్లభామ గుడి దగ్గర దణ్ణం పెట్టుకుని పైకి పోయి, వరసలో నిలబడి కోటయ్యని చూసింది. అంత ఆరాటపడ్డ మనిషి అక్కడ చేతులు జోడించి ఊరికే నిలబడిపోయింది. పూజారి జరగమంటే జరిగింది. బయటికొచ్చి బండ మీద కూర్చుని, కిందికి చూసింది. మా ఇంటి ఆడవాళ్ళు ప్రతి ఏడూ పొయ్యిలు పెట్టే చోటు అక్కణ్ణుంచి శుభ్రంగా కనపడుతోంది. ఆవిడ పెదాలు అదిరాయి. భక్తితో అనుకున్నాను. కాదు.

"ఇంతేనటే?" అంది. "గుండిగలో ఎసరు మరిగిందాకన్నా పట్టలేదు గదే ఎక్కడానికి. ఇంతసేపటికి నన్ను పంపలేకపోయారటే?" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. దుఃఖం కాదది, మంట. కోటయ్య కూడా ఆ మాట వినే ఉంటాడు, అంత దగ్గర్లో ఉన్నాడు.

ఆ రాత్రి జాగారం కొండ మీదే చేసి, మర్నాడు దిగాం. ప్రభ వచ్చి ఉంది. మామగారూ, మా ఆయనా కళ్ళు తుడుచుకుంటూ పొయ్యి ఊదుతున్నారు. అన్నం అడుగంటింది, పప్పు ఉడకలేదు. "వచ్చావా, కాస్త ఈ పప్పు సంగతి చూడు" అన్నారు మామగారు. అత్తగారు బండి నీడన కాళ్ళు చాపుకుని కూర్చుని, "మాకూ నాలుగు విస్తళ్ళు వెయ్యండి" అంది. వేశారు. ఆవిడ ఆ మాడు అన్నం వంక పెట్టకుండా తింది. మరుసటి ఏడు ప్రభతో వంటవాళ్ళని కుదిర్చారు. అంతే. కొండ కూలలేదు, ప్రభ ఒరగలేదు. ఇంత సులువైన పనిని అన్నేళ్ళు ఎవరూ చేయలేదే అన్నదే నా కడుపుమంట. మా ఇళ్ళల్లో మాత్రం దాన్ని 'ఆడాళ్ళు మాడు మెతుకులు తినిపించిన ఏడు' అని చెప్పుకుని నవ్వుకునేవారు. నేను నవ్వలేదు.

అత్తగారు మళ్ళీ కొండెక్కలేదు. ఆ ఏడు ఎండాకాలానికే మోకాళ్ళు పట్టేసి, ఇంట్లో గడప దాటడానికీ గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పోండి, ఎవరూ ఆపరు అని మామగారు మనస్ఫూర్తిగానే అన్నారు. కాలం అంటే నాకు అప్పట్నుంచే కోపం. అనుమతి వచ్చేదాకా అది మోకాళ్ళని నిలవనివ్వదు.