ఫార్కర్ వేసిన ముడి

మా స్కాట్లాండు కొండల్లో ఆ నదిని దాటాలంటే దెయ్యాలు కూడా ఉన్ని మేజోళ్లు తొడుక్కుంటాయి, అంత చలి నీళ్లు. ఆ నీళ్లలో నడుంలోతున నిలబడి, బంగళాకొచ్చే దొరల చేత సాల్మన్ చేపలు పట్టించడమే ఫార్కర్ కొలువు. గద్దలకు చూపు ఆనకపోతే అతణ్ణి అడిగి తెలుసుకుంటాయని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

అదంతా ఒకప్పుడు. ఇప్పుడతనికి చెయ్యి చాపితే వేళ్లు కనబడవు. ఈ సంగతి పెళ్లాం ఎఫీకి తప్ప ఈగక్కూడా తెలీదు. ఈకల గాలాలకు నైలాను దారం ముడేసి, అతని టోపీకి గుచ్చి పంపేది ఆవిడే. ఒడ్డున టోపీలోంచి ఒకటి పీకి, గాలపు కర్ర దారం ఉచ్చులో దాని ఉచ్చు దూర్చడం అతని వేళ్లకు అలవాటే.

పోయినేడు పక్క నదిలో చూపు ఆనని ముసలివాడొకడు కొట్టుకుపోయాడు. అప్పట్నుంచి బంగళా యజమానురాలు మార్జరీ అమ్మగారు ఒకటే మాట మీదున్నారు: కళ్లు లేనివాడు నీళ్లలో దిగకూడదు. కొలువు పోతే, కొలువుతో వచ్చిన ఇల్లూ పోతుంది.

సరిగ్గా చేపల సీజను ఆఖరి రోజున అమ్మగారే గాలం పట్టుకుని దిగారు. ముందురోజే ఎఫీ తడిమెట్టు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"జొరమని చెప్పి పడుకోరాదూ?" అంది ఎఫీ ఆ పొద్దున.

"ఆఖర్రోజున జొరమా? మా నాన్న చచ్చాక కూడా మధ్యాన్నం దాకా పన్జేశాడే!"

"ఆయన కళ్లు మూసుకున్నాకైనా ముడి సరిగ్గా వేసేవాడు, ముసలోడా!"

ఫార్కర్ నవ్వి, తడుముకుంటూ తనే ముడేసుకున్నాడు.

మధ్యాహ్నానికి రాళ్ల మడుగులో దారం బిగిసింది.

"లాగకండమ్మగారూ! చేప గట్టిగా పట్టనివ్వండి, రాజుగారు చల్లగుండాలని మనసులో ఒకసారి అనుకుని, అప్పుడెత్తండి!"

అమ్మగారు అలాగే ఎత్తారు. కర్ర విల్లులా వంగింది. దూడంత చేప! ఒక్క ఎగురు ఎగిరి పడితే మడుగు సగం ఒడ్డుకొచ్చింది. ఫార్కర్ వల పట్టుకుని, నీళ్ల చప్పుడును బట్టి దానికేసి నడిచాడు. అంతలో దారం వదులైపోయింది.

అమ్మగారు దారం చుట్టుకుని, కొస పట్టుకుని చూశారు. ముడి జారితే నైలాను పందితోకలా మెలిక తిరుగుతుంది. తెగితే సూటిగా ఉంటుంది. ఆ నది పిల్లలకు అక్షరాల కన్నా ముందు వచ్చేది ఈ చదువే.

"ఇది చూడు, ఫార్కర్."

ఫార్కర్ కొస మీదికి వంగి, తెగ పరీక్షించినట్టు తలూపాడు.

"రాయికి కోసుకుపోయిందమ్మగారూ. కత్తితో కోసినట్టు ఎంత సూటిగా ఉందో చూడండి."

ఆవిడ ఆ పందితోక మెలికను వేలికి చుట్టుకున్నారు.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏంటమ్మగారూ?"

"నన్ను చిన్నప్పుడు భుజానెక్కించుకుని ఈ నది దాటించినవాడివి. నాతో అబద్ధమాడకు."

"ఈ నదిలో ప్రతి రాయీ నా పాదాలకు తెలుసమ్మగారూ."

"పోయినేడు పోయినవాడూ ఆ మాటే అన్నాడు."

"ఇంకొక్క ఏడాది ఉంచండి, అమ్మగారూ. ఎఫీ చెయ్యి అతుక్కుంటుంది..."

ఆ మాట నోరు జారాక గాని తెలీలేదు, పెళ్లాన్ని కూడా పట్టిచ్చేశానని. అమ్మగారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అతని చేతిలోంచి వల తీసుకుని, "వసంతంలో కొత్తవాడొస్తాడు. అప్పటిదాకా ఇంట్లో ఉండండి," అంటూ చెయ్యి పట్టుకుని ఒడ్డుకు నడిపించారు. ఎన్ని వందల మంది దొరల్ని అలా చెయ్యి పట్టుకుని నడిపించాడో ఆ మనిషి!

ఇంటికెళ్లేసరికి ఎఫీ గుమ్మంలోనే ఉంది.

"చేప పడిందా?"

"పడింది."

"ఎంతుంది?"

పిల్ల చేపను కూడా తిమింగలంగా చూపించే ఫార్కర్, రెండు చేతులూ చాపబోయి, మధ్యలో దించేశాడు. ఎఫీ మంచి చేత్తో ఆ చేతుల్ని పట్టుకుంది. లోపల ఓట్స్ జావ మాడిన వాసన వస్తున్నా, ఇద్దరూ గుమ్మంలోంచి కదల్లేదు.