వాగు వంతెనకు తీసిన ఎక్స్‌రే

జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఉమాకాంతం ఇరవై ఏళ్లుగా ఎక్స్‌రేలు తీసేవాడు. 1998లో ఒక మధ్యాహ్నం భవానీప్రసాద్ అనే ఇంజనీరు అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. నందిగామ వైపు పాత దారిలో ఉన్న వాగు వంతెనకు గామా కిరణాలతో ఫొటోలు తీశారట. కాంక్రీటు పగలగొట్టకుండానే లోపలి ఉక్కు కనిపిస్తుందట. ఫిల్ములు కడిగే వ్యాను మాత్రం చెడిపోయింది.

"మీ డార్క్‌రూమ్ ఒక గంట ఇప్పించండి."

నాలుగో ఫిల్మును ఎర్రదీపం కింద ఎత్తిపట్టుకున్న ఉమాకాంతం చెయ్యి ఆగిపోయింది. దూలంలో బిగించిన ఉక్కు తీగలు తెల్లటి గీతల్లా ఉన్నాయి. రెండు మాత్రం మధ్యలో తెగి, కొసలు ఎడమైపోయాయి. వాటి చుట్టూ సిమెంటు ఉండాల్సిన చోటంతా నల్లగా బోలు. వేల ఎముకలు చూసినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఇవి తెగాయండీ."

"రిపోర్టు హైదరాబాదు వెళ్లాలి. వారం పడుతుంది," అన్నాడు భవానీప్రసాద్, అతని వైపు చూడకుండా. "అందాకా ఎక్కడా అనకండి. జనం బెదిరిపోతారు."

ఉమాకాంతం భార్య రాజరాజేశ్వరి టీచరు. రోజూ ఆ వంతెన మీదే బస్సులో బడికి వెళ్లాలి. తనకు ఒంట్లో బాలేదని చెప్పి రెండు రోజులు ఆమెను ఇంట్లో ఆపాడు. రెండో సాయంత్రం ఉండబట్టలేక వంతెన దగ్గరకు వెళ్లాడు. సిమెంటు లారీ దాటుతుంటే కాళ్ల కింద రోడ్డు సన్నగా వణికింది. దాని వెనకే పిల్లలతో నిండిన బస్సు. అది అవతలికి చేరేదాకా అతను చూపు తిప్పలేదు. తన మనిషిని మాత్రం దాచుకున్నందుకు సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు ఆమెతోపాటు తనూ బస్సెక్కాడు. వంతెన ఇవతల లేచి, డ్రైవరు శాంతయ్య భుజం పట్టుకున్నాడు.

"ఆపు శాంతయ్యా. జనాన్ని దింపి, ఖాళీ బండి తీసుకెళ్లు."

"ఖాళీ బండిలో నేనుంటా కదండీ. ఏమైంది?"

"లోపల ఉక్కు తెగింది. నా కళ్లతో చూశా."

శాంతయ్య అతని మొహం చూసి బండి వెనక్కి తిప్పాడు. ఆ మాట డ్రైవర్లందరికీ పాకి, మధ్యాహ్నానికి లారీలు రెండు వైపులా ఆగిపోయాయి. సాయంత్రానికి అధికారులు వచ్చి దారి మూయించారు.

"నా ఉద్యోగం మీదికి తెచ్చారు," అన్నాడు భవానీప్రసాద్.

కొత్త ఉక్కు తాళ్లు బిగించి ఏడాదికి వంతెన తెరిచారు. మళ్లీ ఫొటోలు తీశారు కానీ వాటిని అతనికి చూపించలేదు.

"బాగుపడిందటగా. ఇంకా భయమేంటండీ?" అనేది రాజరాజేశ్వరి.

"నేను చూళ్లేదుగా."

2006లో రిటైరయ్యాక కూడా, అటు వెళ్లినప్పుడల్లా ఉమాకాంతం బస్సు దిగి వంతెనను నడిచే దాటేవాడు. మొదట్లో విసుక్కున్న రాజరాజేశ్వరి, తర్వాత తర్వాత తనూ దిగడం మొదలుపెట్టింది.