ఒక జీబీ కంప్యూటరుకు మా వంశ మర్యాద

మా ముత్తాత చెంగల్రాయుడుగారు పలమనేరు చుట్టూ పన్నెండు ఊళ్ళకు పెద్దమనిషి. ఆయన పల్లకీ దిగితేనే పంచాయితీ మొదలయ్యేది. మా తాత గుర్రమెక్కారు, మా నాయన జీపెక్కారు. నేను బస్సెక్కుతాను గానీ, నడుం వంచకుండా కూర్చుంటాను. ఇంతటి వంశం పరువును ఒక పాత కంప్యూటరు ఎలా తీసిందో చెబుతాను. మీరు నవ్వితే అడ్డు చెప్పను. ఏళ్ళు గడిచాయి కాబట్టి నాకూ నవ్వే వస్తోంది.

మా ఊరి బడి హెడ్‌మిస్ట్రెస్ సరోజమ్మగారు ఒకరోజు మా ఇంటికొచ్చారు. ఆరుగురు ఆడపిల్లలు గురుకులం పరీక్ష రాయాలట. అది కంప్యూటరు మీద రాసే పరీక్ష. ఉన్నవి పది రోజులు. పిల్లలెవరూ అంతవరకూ మౌసు ముట్టి ఎరగరు. మా నూనె మిల్లు నడిచిన రోజుల్లో నాయన కొన్న కంప్యూటరు మూలన పడి ఉందని ఆమెకు ఎవరో చెప్పారు.

“మా గుమ్మం తొక్కినవాళ్ళు వట్టి చేతులతో పోలేదమ్మా” అన్నాను. ఆ మాట అనే అవకాశం వచ్చి ఎంత కాలమైందో. నోరు తీపెక్కింది.

కంప్యూటరుకు కూడా బస్సులో ఒక టికెట్టు తీసుకుని, కిటికీ పక్కన కూర్చోబెట్టి, చిత్తూరు తీసుకెళ్ళాను. అక్కడ పాత కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్ మూత విప్పి చూశాడు.

“ఒక జీబీ ర్యామే ఉండాది సామీ. ముసలి ప్రాణం. తేలికపాటి లైనక్స్ ఎక్కిస్తా. విండోస్ మాదిరిదే, ఉచితం. నిమిషంలో లేస్తాది.”

లైనక్స్‌లో బోలెడు రకాలున్నాయని, వాటిని డిస్ట్రోలంటారని ఆ రోజే తెలిసింది. అతను చూపించిన తేలిక రకం బూడిదరంగు తెర, అడుగున ఒక పట్టీ, నాలుగు బొమ్మలు. సున్నం కూడా వెయ్యని గోడలా ఉంది. పక్కనే అతని సొంత కంప్యూటరులో ఇంకో రకం నడుస్తోంది. కిటికీలు పట్టుచీర కుచ్చిళ్ళలా విచ్చుకుంటున్నాయి.

“అది ఎక్కించప్పా.”

“అది కొత్తవాటికి సామీ. దీని నడుం ఇరుగుతాది.”

“చెంగల్రాయుడుగారి పేరు మీద ఇచ్చేది ఇంత బోడిగా ఉంటే ఎట్లా?”

“పిల్లోళ్ళకి మౌసు కదిలితే సాలదా?”

“మాకు చాలదు” అన్నాను. వంశమంతా నా గొంతులోకి దిగివచ్చి అన్న మాట అది.

ఇంకొక జీబీ ర్యామ్ వేస్తే లేస్తుందేమో గానీ, పాత రకం కాబట్టి దొరకడం కష్టమని, దొరికినా చాలదని మస్తాన్ నచ్చజెప్పాడు. నేను మొదటి సగమే విన్నాను. వారం తిరిగి ఆ ర్యామ్ సంపాదించి, మస్తాన్ చేత వేయించి, పట్టుచీర రకమే ఎక్కించుకొచ్చాను. దానికి కావలసిన డబ్బు ఎట్లా సర్దానో చివర చెబుతాను.

బడిలో కంప్యూటరుకు బొట్టు పెట్టి, దండ వేసి, టెంకాయ కొట్టాం. నేను మీట నొక్కాను. తెర మీద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఖాళీగా ఎందుకుండాలని ముత్తాతగారి గురించి నాలుగు మాటలు చెప్పాను. చక్రం తిరుగుతోంది. తాతగారి గుర్రం గురించి చెప్పాను. చక్రం తిరుగుతోంది. నాయన జీపు పంక్చరు దాకా వచ్చేసరికి పట్టుచీర తెర విచ్చుకుంది. చప్పట్లు.

నాగవేణి అనే పిల్ల వచ్చి భయంభయంగా మౌసు జరిపింది. బాణం కదల్లేదు. చెయ్యి తీసేసి, పావడాకు తుడుచుకుని, నా మొహం చూసింది. అప్పుడు కదిలింది బాణం. కదిలి, తెర మధ్యలో ఆగిపోయి, మళ్ళీ ఉలకలేదు.

“నేనేమన్నా చెడగొట్టినానా సార్?” అందా పిల్ల.

సరోజమ్మగారు మెల్లగా అన్నారు: “మీ పెద్దోళ్ళ గురించి బాగా చెప్పినారు సామీ. పరీక్షకి మూడు దినాలే ఉండాయి.”

దండ తీసి అప్పుడే చిత్తూరు బస్సెక్కాను. ఈసారి కంప్యూటరు నా ఒళ్ళోనే. మస్తాన్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

“మీ ముత్తాత పల్లకీని నలుగురు మోసినారు కదా సామీ. ఈడ మోసేది ఒక్కడే. వాడూ ముసలోడు” అని బూడిదరంగుదే ఎక్కించాడు. నేను తెచ్చిన ర్యామ్ ఊడదీసి నా చేతిలో పెట్టి, మీట నొక్కాడు. నిమిషంలో లేచింది. బాణం ఈగలా పరుగెత్తింది.

మూడు రోజులూ పిల్లలు వంతులేసుకుని దాని ముందే కూర్చున్నారు. నాగవేణికి సీటొచ్చింది. తెర బోడిగా ఉందని వాళ్ళలో ఒక్కరూ అనలేదు.

ముత్తాతగారి పల్లకీ సాక్షిగా, తాతగారి గుర్రం సాక్షిగా, పంక్చరైన జీపు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: మొయ్యగలదో లేదో కనుక్కోకుండా ఏ యంత్రం మీదా ఇకపై మా వంశాన్ని ఎక్కించను.

ఆ ర్యామ్ కోసం అమ్మింది మా ముత్తాతగారి టేకు ఉయ్యాల బల్ల. గొలుసులతో సహా పలమనేరులో ఒక లాడ్జి యజమాని కొనుక్కున్నాడు.