పేరడిగిన ఆట

పోయిన ఆదివారం మా మరిది నన్ను ఆబిడ్స్‌కు తీసుకుపోయాడు. పాత కంప్యూటర్లంటే ప్రాణం పెట్టేవాళ్లు కొందరు అక్కడ ఒక హాలు మేడమీద కలుసుకుని, తమ చిన్ననాటి ఆటలు ఆడుకుంటారట. అటక మీద పాడైపోయి ఉన్న మా పాత కంప్యూటర్‌ను వాళ్లకు చూపిద్దామని దుప్పట్లో చుట్టుకుంటూ, వదినా నువ్వూ రా, నీ నిచ్చెనల ఆట కూడా అక్కడ ఉంది అన్నాడు. మోకాళ్ల నొప్పులతో మేడమెట్లు ఎక్కడం ఇష్టం లేకపోయినా, ఆ ఆట మాట ఎత్తగానే కాదనలేకపోయాను. బాగా ఆడినవాళ్ల పేర్లు చూపించే దాని పట్టీలో ఒక్కసారి నా పేరు వేసుకోవాలని నాకు చాలా ఏళ్లుగా ఉంది.

హాల్లో బల్లల మీద లావుపాటి టీవీలు, వాటి ముందు పసుపెక్కిన కంప్యూటర్లు, కుర్చీల్లో ఎక్కువగా తల నెరిసినవాళ్లు. ఎవరో క్యాసెట్ వేయగానే, నీళ్లు వచ్చే ముందు నల్లా చేసే చప్పుడులా కీచుమంటూ, గరగరమంటూ ఒక మోత లేచింది. మన వయసువాళ్లలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఆటలు కూడా పాటల్లాగే క్యాసెట్లలో ఉండేవి.

నేను పెళ్లయి నాంపల్లికి వచ్చిన కొత్తలో మేము స్టేషను వెనకాల ఒక కాంపౌండులో కిరాయికి ఉండేవాళ్లం. మరిది ఆబిడ్స్‌లో ఒక రేడియో దుకాణంలో పనిచేసేవాడు. యజమాని తనకు వద్దనుకుని ఇచ్చిన కంప్యూటర్ ఒకటి తెచ్చి మా టీవీకి తగిలించాడు. ఏటా నాంపల్లిలో పెట్టే నుమాయిష్ ఎగ్జిబిషన్ చూడడానికి ఊరినుంచి వచ్చిన చుట్టాలు కూడా, ముందు దీన్ని చూసి తర్వాతే అటు పోయేవాళ్లు.

క్యాసెట్‌లోంచి ఆట కంప్యూటర్‌లోకి రావడాన్ని మా కాంపౌండులో ఎక్కడం అనేవాళ్లు. అది ఎక్కుతున్నంతసేపు ఎవరూ బావి మోటారు వేయకూడదు, మిక్సీ తిప్పకూడదు, ఇస్త్రీపెట్టె పెట్టకూడదు. ఇళ్లన్నిటికీ ఒకటే లైను కావడంతో, ఎవరు ఏది వేసినా కరెంటు కుంగి, ఎక్కిందంతా పోయి మళ్లీ మొదటికి వచ్చేది. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు గాని, తిట్టుకుంటూనే అందరూ పాటించేవాళ్లు. బిందెలు పెట్టుకుని బావి దగ్గర నిలబడ్డ పక్కింటి అక్క, ఎక్కిందా అని అరిస్తే, ఇంకా ఎక్కలే అని మా అత్త గడపలోంచి జవాబిచ్చేది.

"గీ డబ్బా కన్న మన స్టేషన్ల రైలు నయం," అనేది అక్క. "జర లేటైనా వస్తది."

అంత కష్టపడి ఎక్కించినదాన్ని ఆపడానికి మనసొప్పక, మధ్యాహ్నం తిండికి వచ్చిన మరిది మళ్లీ దుకాణానికి పోతూ కంప్యూటర్‌ను అలాగే ఉంచి పోయేవాడు. అత్త కునుకు తీసే వేళ నేను చప్పుడు తగ్గించి దాని ముందు కూర్చునేదాన్ని. ఒక చిన్న మనిషి నిచ్చెనలెక్కుతూ, గబ్బిలాలను తప్పించుకుంటూ దీపాలు వెలిగించాలి, అంతే ఆట. గబ్బిలాలు ఏ వరుసలో వస్తాయో కొన్నాళ్లకు నా వేళ్లకే తెలిసిపోయింది.

ఆట ముగిశాక బాగా ఆడినవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చేవి. అవన్నీ మరిదివి, అతని దోస్తులవి. ఒక మధ్యాహ్నం నేను వాళ్లందరినీ దాటిపోయాను. పై వరుసలో పేరుండాల్సిన చోట ఒక చిన్న గీత మినుకుమంటూ నాకోసం కాచుకుని ఉంది. నాకప్పటికి అక్షరాలు రావు. కాసేపు దాన్నే చూసి, ఏ గుర్తూ లేని పొడుగు మీట నొక్కి, తర్వాత మరిది చివర్లో నొక్కే మీట నొక్కాను. పక్కన పేరు లేకుండానే నా లెక్క అన్నిటికంటే పైన నిలబడింది.

సాయంత్రం దోస్తులతో వచ్చిన మరిది అది చూసి ఆగిపోయాడు. ఒకరు డబ్బా ఖరాబైందన్నారు, ఇంకొకరు కరెంటు ఎక్కువతక్కువలన్నారు. దాన్ని విప్పడానికి మరిది స్క్రూడ్రైవర్ వెతుకుతుంటే, నేను చాయ్ గ్లాసులు కింద పెట్టి అది నేనే అన్నాను.

"నువ్వా వదినా? మమ్మల్నందర్ని ఓడగొట్టినవా? మరి పేరెందుకు రాయలే?"

ఎగతాళికి అడగలేదు. ఒకే ఇంట్లో ఉంటూ కూడా ఆ సంగతి అతనికి అప్పుడు తట్టలేదు, అంతే.

"దానికి రాయవస్తే కదరా," అంది అత్త, వంకాయలు తరుగుతూ.

దోస్తులు చాయ్ గ్లాసులవైపు చూశారు. మరిది ముఖం చిన్నబుచ్చుకుని, ఇప్పుడు రాద్దాం వదినా అని మీటల మీద చెయ్యి పెట్టాడు గాని, ఆ ఆట గెలిచిన వెంటనే తప్ప మళ్లీ పేరు అడగదు. ఇంతలో ఎవరో మోటారు వేశారు. తెర నల్లబడింది, నా వరుసా పోయింది. కొన్నాళ్లకు కంప్యూటరే పాడై అటకెక్కింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది చాలా కాలానికి, మనవరాలు బడికి పోయే రోజుల్లో, సాయంత్రం పూట పెద్దవాళ్లకు చెప్పే తరగతిలో. తెలుగు వచ్చాక ఇంగ్లిషు అక్షరాలు కూడా పట్టుబట్టి నేర్చుకున్నాను.

ఆదివారం మరిది నాకు కుర్చీ జరిపి పక్కన నిలబడ్డాడు. గబ్బిలాలు అదే వరుసలో వచ్చాయి. నా కళ్లు వాటిని గుర్తుపట్టాయి గాని, వేళ్లు అందుకోలేకపోయాయి. మళ్లీ మళ్లీ ఆడాను, ఒక్కసారీ అది నన్ను పేరు అడగలేదు. చూడలేక మరిది, నేను ఆడత, పేరు నీది రాసుకో వదినా అన్నాడు.

"ఆడినోళ్లదే రాయాలె," అన్నాను.

అతను ఆడి, తన పేరే రాసుకున్నాడు.

కిందికి దిగేముందు తలుపు దగ్గర ఒకమ్మాయి ఫోను చేతికిచ్చి, వచ్చినవాళ్లందరినీ పేరు వేయమంటోంది. వేశాను. ఇప్పుడు దవాఖానకు పోయినా, బట్టల దుకాణానికి పోయినా, ఎవరింటి గేటు ముందు నిలబడినా మొదట పేరే అడుగుతారు. రాసిస్తాను. ఎక్కడెక్కడ రాసిచ్చానో ఇంటికి చేరేసరికి గుర్తుండదు. ఆ డబ్బా మాత్రం ఊరికే ఎవరినీ పేరడిగేది కాదు. నన్ను అడిగిన రోజున నాకు రాయడం రాదు, రాయడం వచ్చాక అది అడగలేదు.