తాండూరు బండ మీద రేకు

వికారాబాద్ దగ్గరి మా మిల్లులో ఇనుప రేకును వేడి చేయకుండానే రోలర్ల మధ్య నొక్కి పలుచన చేస్తారు. అది ఎంత చదునుగా వచ్చిందో కొలవడం నా ఉద్యోగం. మిషన్‌లోనే ఒక కొలత రోలర్ ఉంటుంది. రేకు వెడల్పులో ఎక్కడ ఎంత బిగువుందో తెర మీద గీతలుగా చూపిస్తుంది. గీతలన్నీ సమానంగా ఉంటే రేకు చదునుగా ఉన్నట్టు. కానీ బిగించి లాగుతున్నప్పుడు వంకర రేకు కూడా బుద్ధిగానే కనిపిస్తుంది. అందుకని ప్రతి రేకు చుట్ట నుంచి మీటరు ముక్క కోసి, బల్ల మీద పరిచి, కింద సందుందేమోనని పలుచని కొలత పట్టీలు దూర్చి చూస్తాను.

ఆ నెల ఇనుప బల్లను సాపు చేయించడానికి హైదరాబాద్ పంపారు. బదులుగా నేనే నాన్న దగ్గర నుంచి ఒక బండ తెచ్చాను. నాన్నకు తాండూరులో బండలు పాలిష్ చేసే మిషన్ ఉంది. ఆ బండలో ముఖం కనిపించేది. అంతకు మించి రుజువు అక్కర్లేదనుకున్నాను.

వరసగా మూడు చుట్టలు ఆ పరీక్షలో తప్పాయి. మూడింటికీ ఎడమ అంచున, జానెడు మేర సందు. తెర మీద గీతలు మాత్రం సమానంగానే ఉన్నాయి. నేను బండనే నమ్మి, కారణాలు రాసుకున్నాను. ఒకటి, రోలర్ అరుగుదల. రెండు, రోలర్ల మీద చల్లబరిచే నూనె సరిగ్గా పడకపోవడం. మూడు, ఆపరేటర్. మొదటి రెండూ పరీక్షించి కొట్టేశాను. రిపోర్టులో మూడోది రాసి సంతకం పెట్టాను.

ఆపరేటర్ ధారూర్ నుంచి రోజూ రైల్లో వచ్చే యాభై ఏళ్ల మనిషి. మేనేజర్ ఆయన్ను సోమవారం నుంచి ప్యాకింగ్‌కు మార్చాడు. ప్యాకింగ్ వాళ్లు పని దిగేసరికి ధారూర్ రైలు వెళ్లిపోతుంది. ఇక్కడ గది తీసుకోవాలి, లేదా పని మానుకోవాలి.

శనివారం ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"సార్, గా రేకు జర తిప్పి పెట్టుర్రి."

"ఎందుకన్నా?"

"ఇంట్ల మంచం ఊగితే ఏం జేస్తరు?"

"కోడు కింద అట్టముక్క పెడతం."

"గదే మీ సదువు. ముందుగాల మంచం తిప్పి చూడాలె. కోడు వంకరనా, నేల వంకరనా ఎర్కయితది."

తిప్పాను. రేకు కుడి అంచు ఎడమకు వచ్చింది. సందు మాత్రం బండకు ఎడమ పక్కనే ఉంది. రెండో రేకు తిప్పాను. మూడోదీ తిప్పాను. సందు కదల్లేదు. ఆయన రైలు టైం చూసుకున్నాడు.

నాన్నకు ఫోన్ చేశాను.

"బండ ఎడమ పక్క గుంట ఉన్నది."

"ఎంత?"

"అర మిల్లీమీటరు."

"గది గుంటనారా? పాలిష్ చేస్తే మెరుస్తదని చెప్పిన. సాపుంటదని ఎప్పుడు చెప్పిన?"

పాత రిపోర్టు వెనక్కి తీసుకుని కొత్తది రాశాను. లోపం: బండ. బండ తెచ్చినవారు: నేను. మేనేజర్ రెండుసార్లు చదివి, ప్యాకింగ్‌కు మార్చిన కాగితం చింపేశాడు. సోమవారం ఆపరేటర్ తన మిషన్ దగ్గరే ఉన్నాడు.

ఆ బండ ఇప్పుడు క్యాంటీన్‌లో ఉంది. ఆయన దాని మీదే టిఫిన్ డబ్బా పెడతాడు. నేను ఎదురుగా కూర్చున్న రోజు డబ్బాను ఓసారి తిప్పి పెట్టి, తర్వాత మూత తీస్తాడు.