అంటించిన కవరు

డెబ్బైల చివర్లో, భిలాయిలో స్టీలు ప్లాంటు వాళ్ళు నడిపే మా స్కూల్లో, తెలుగాయనే అయిన ప్రిన్సిపాల్‌గారు ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. నవ్వుతూ పెన్ను మూత తిప్పేవారు. అది చూస్తేనే మాకు భయం.

ఢిల్లీ కాలేజీలో ఆనర్స్ సీటుకి సిఫార్సు ఉత్తరం కోసం, డిబేట్ సర్టిఫికెట్లతో ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఏటమ్మా, డిబేట్లో ప్లాంటు ప్రమాదాల గురించి మాటాడేవట?"

"అవునండి, ఫస్టొచ్చిందండి."

"మంచిది. మీ నాన్న ప్లాంటులోనే కదా?"

మూత తిప్పుతూనే నవ్వారు. ఉత్తరం రాసి, కవరు అంటించి ఇచ్చారు. సంతోషంతో ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాను.

ఢిల్లీలో ఇంటర్వ్యూ చేసినావిడ ఆ ఉత్తరం చదివి, నా సర్టిఫికెట్లు చూడకుండానే వెనక్కిచ్చేసింది.

"బేటీ, మీ ప్రిన్సిపాల్‌కి నీమీద ఎందుకంత కోపం?" అని హిందీలో మెల్లగా అడిగింది.

సీటు రాలేదు. మరుసటేడు మా చెల్లి డిబేట్‌కి పేరిచ్చింది. నేనే స్కూలుకి వెళ్ళి ఆ పేరు కొట్టించేశాను.