సత్యవతి పాదం

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే ఏదో కష్టపడుతున్నట్టు ఉంటుంది. లేదు, హాయిగానే తిరుగుతున్నాను. నాకు రోత పుట్టేది అందుకే. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యముంటే ఇది రాసేవాణ్ణే కాదు.

నర్సీపట్నంలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. ఆన్‌లైన్ మోసాల గురించి తల్లిదండ్రులకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మైకు నాకే ఇస్తారు. ఇంట్లో కూర్చుని సంపాదించండి అన్నవాడు ముందు మీ దగ్గరే డబ్బు అడిగితే నమ్మొద్దంటాను. మొదట కొంచెం ఇచ్చి ఆశ పెడతారని, వేసింది వెనక్కి అడిగితే కొత్త షరతు పెడతారని చెబుతాను. రోజుకు ఇంత శాతం లాభం ఏ వ్యాపారంలో వస్తుందో చెప్పండని బోర్డు మీద లెక్క వేసి చూపిస్తాను. చప్పట్లు కొడతారు. అవి వింటుంటే నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

ఇవన్నీ నాకెలా తెలుసు? నేనూ చేరాను కాబట్టి. ఫోన్‌లో హోటళ్లకు స్టార్లు ఇస్తే డబ్బిచ్చే యాప్ అది. రెండు రోజులు నిజంగానే ఇచ్చింది. పెద్ద పనులు కావాలంటే డిపాజిట్ వేయమంది. లెక్కల మాస్టారినై ఉండి వేశాను. వారం తిరిగేసరికి భయమేసి వెనక్కి తీసుకోబోతే, నా కోడ్‌తో ఇంకొకరిని చేర్పించి వాళ్లచేత డిపాజిట్ వేయిస్తేనే నా డబ్బు వదులుతామని మెసేజ్ వచ్చింది. అప్పుడు నాకు కలిగింది అనుమానం కాదు. అది మోసమని నాకు తెలిసిపోయింది. ఈ తేడా మీరు గుర్తుపెట్టుకోవాలి.

ఆ మధ్యాహ్నమే సత్యవతి వచ్చింది. మా బడిలో పిల్లలకు అన్నం వండేది. బలిఘట్టంలో రేకుల ఇల్లు, స్లాబు వేయించాలని ఏళ్లుగా కూడబెడుతోంది. ఆ యాప్ సంగతి ఆమెకూ ఎవరో చెప్పారట. ఏ కాగితం వచ్చినా, ఏ మెసేజ్ వచ్చినా ముందు మాస్టారికి చూపించడం మావైపు అలవాటు.

“ఇది మంచిదేనా మాస్టారూ? మీరు సెప్తేనే సేరతానండి. నాకేటి తెలుసు?”

“నేనూ వేశాను సత్యవతీ. పర్లేదు.”

మొదటి మాట నిజమే కదా అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. ఛీ. ఆ నిజాన్ని ఎరగా వాడుకున్నాను కాబట్టి అది అబద్ధం కన్నా నీచం. ఆమె ఫోన్ మీద పసుపు, నూనె అంటుకుని ఉన్నాయి. జేబురుమాలుతో తుడిచి, నా కోడ్ నేనే కొట్టాను. నొక్కీమంటారా అని ఆమె అడిగింది. ఆగమని అనడానికి అక్కడ చోటుంది. తలూపాను. ఫోన్ ఇచ్చేశాక నా వేలు కూడా తుడుచుకున్నాను.

సాయంత్రానికి నా డబ్బు పైసాతో సహా వచ్చేసింది. మూడో రోజుకి యాప్ తెరుచుకోలేదు. స్లాబు కోసం దాచిందంతా పోయింది. ఆమె మాట మీద చేరిన మరో ఇద్దరు వంటవాళ్లు ఆమెతో మాట్లాడటం మానేశారు. నాలుగు నెలలు ఓర్చుకుని, బడి మానేసి పాయకరావుపేటలో ఎవరింట్లోనో వంటకు కుదిరింది. వెళ్లే ముందు మా ఇంటికి వచ్చింది. గొలుగొండలో అక్క వాళ్ల తోటలోవని జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టింది.

“నేను సేరినాకే అది మూతపడిపోనాది మాస్టారూ. మీ డబ్బులు కూడా పోనాయి. నా పాదం అలాంటిది. ఏటీ అనుకోకండి.”

పాదాలు, శకునాలు ఏమీ లేవని క్లాసులో పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆ రోజు ఏమన్నానో తెలుసా? పోనీలే, బాధపడకు అన్నాను. నేను ఆమెను క్షమించాను! ఆమె కళ్లు తుడుచుకుంది. ఆమె వెళ్లాక ఆ జీడిపప్పు తిన్నాను. రుచిగానే ఉంది.

ఎందుకు చెప్పలేదు? పరువా? డబ్బు తిరిగివ్వాల్సి వస్తుందనా? రెండూ. పాయకరావుపేట ఎంతో దూరం కాదు, బస్సెక్కితే చాలు. ఇన్నేళ్లలో ఎక్కలేదు. మొన్న బడిలో ఎవరో ఆమె మాట ఎత్తారు. ఎవరింట్లో కొత్త పని మొదలవుతున్నా సత్యవతి ముందుకు రాదట. తన పాదం మంచిది కాదని తనే పక్కకు తప్పుకుంటుందట. సొంత చెల్లెలి గృహప్రవేశానికి కూడా అందరూ లోపలికి వెళ్లాకే గడప దాటిందట. ఆ పూట నాకు అన్నం సహించలేదు. మర్నాడు మామూలుగానే తిన్నాను.

సత్యవతి పాదంలో ఏ దోషమూ లేదు. నా డబ్బు పోలేదు. మోసమని తెలిసే ఆమెను చేర్పించాను. ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అలా ఆడుతున్నందుకూ అసహ్యంగానే ఉంది. ఈ మాటలు వినాల్సింది మీరు కాదు.